పొద్దు గుంకేలోపు కొండ దిగేలా: అడవులూ ఘాట్ రోడ్ల ప్రయాణం ఎలా వేసుకోవాలి

మొదటిసారి కొండదారి ప్రయాణం వేసుకున్నప్పుడు నేను చేసిన పొరపాటు చాలామంది చేసేదే. మ్యాపులో 180 కిలోమీటర్లు కనిపించింది. మైదానంలో అది మూడు గంటల దారి కదా అనుకుని, మధ్యలో చూడాల్సిన చోట్లు ఐదు రాసుకుని, తీరిగ్గా పదింటికి బయలుదేరాను. రెండు చోట్ల మైమరిచి కూర్చున్నాను. మూడోది చేరేసరికి లోయ నిండా చీకటి. ఆ తర్వాత నేను చూసిన ప్రకృతి అంతా హెడ్‌లైట్ల వెలుగులో రోడ్డు మీది తెల్లగీత ఒక్కటే. అప్పటినుంచి నా లెక్క మారింది. సూర్యాస్తమయం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కిస్తాను. కింద చెప్పేవాటిలో చాలా వరకు ఆ లెక్క చుట్టూ తిరిగేవే.

ముందు రోడ్డును, ఆ తర్వాత తేదీని ఎంచుకోండి

నాలుగు రోజులు సెలవు దొరికింది, ఎటైనా పోదాం అనుకోవడం మైదానంలో చెల్లుతుంది. కొండల్లో ప్రతి రోడ్డుకూ ఒక కాలం ఉంటుంది. ఇటలీలోని స్టెల్వియో కనుమ 2,757 మీటర్ల ఎత్తున ఉంది. ఉత్తరం వైపు నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు, ఒక్కొక్కదానికీ ఒక అంకె. చలికాలంలో ఆ దారి మంచు కింద మూతపడి ఉంటుంది. అమెరికాలో గ్లేసియర్ నేషనల్ పార్కు గుండా వెళ్లే ‘గోయింగ్ టు ద సన్’ రోడ్డు మీద మంచు తవ్వి పూర్తిగా తెరిచేసరికి సాధారణంగా జూన్ చివరో జులై మొదలో అవుతుంది. మే నెలలో వెళ్లినవాళ్లకు గేటు కనిపిస్తుంది. దారి కనిపించదు.

అడవి రోడ్లకు మరో రకం గడియారం. కర్ణాటకలో బందీపూర్ అడవిని దాటే 766వ నంబరు జాతీయ రహదారిని వన్యప్రాణుల కోసం 2009 నుంచి రాత్రి 9 గంటలకు మూసి ఉదయం 6 గంటలకు తెరుస్తున్నారు. ఇలాంటి గేటు మీ దారిలో ఒక్కటి ఉన్నా రోజు మొత్తం దాని చుట్టూ అల్లుకోవాలి. అందుకని రోడ్డు ఎంచుకోగానే నాలుగు ప్రశ్నలకు జవాబులు వెతకండి. ఏ నెలల్లో తెరిచి ఉంటుంది? రాత్రి మూస్తారా? ముందుగా అనుమతి తీసుకోవాలా? వాహనం కొలతలకు పరిమితి ఉందా? చివరి ప్రశ్నను తేలికగా తీసుకోకండి. పైన చెప్పిన గ్లేసియర్ రోడ్డులో ఎత్తైన భాగంలోకి సుమారు 6.4 మీటర్ల కంటే పొడవున్న బండ్లను రానివ్వరు. ఈ జవాబులను రోడ్డు నిర్వహించే శాఖ నుంచో అటవీ శాఖ నుంచో తీసుకోండి. పోయిన ఏడాది ఎవరో తీసిన వీడియో చూసి నిర్ణయించకండి.

కాలం గురించి నా అభిరుచి అడిగితే, వానలు ఆగిన రెండు మూడు వారాల తర్వాత అంటాను. జలపాతాలు ఇంకా నిండుగా ఉంటాయి, దుమ్ము ఉండదు, దూరపు శిఖరాలు కడిగినట్టు కనిపిస్తాయి. వానల మధ్యలో పచ్చదనం ఇంకా బాగుంటుందన్నది నిజమే. కానీ ఆ పచ్చదనం మోస్తున్న మట్టి అప్పుడే జారుతుంది.

గంటల లెక్క వేయండి

రెండు వరసల మంచి ఘాట్ రోడ్డులో సగటున గంటకు 30 కిలోమీటర్లు, ఇరుకు దారిలో 20, చదునైన అటవీ రోడ్డులో 45. ఇవి ఏ శాఖా ప్రకటించిన అంకెలు కావు. నా తిరుగుళ్లలో తేలినవి. వేగంగా నడపగలవాళ్లకూ దాదాపు ఇంతే వస్తుంది. ఎందుకంటే అక్కడ వేగాన్ని నిర్ణయించేది ముందున్న లారీ.

ఇప్పుడు కాగితం తీసుకోండి. సాయంత్రం 6 గంటలకు సూర్యాస్తమయం అనుకుందాం. లోయలో ఎండ పోవడానికి సూర్యుడు దిగంతం దాకా దిగనక్కరలేదు, పక్కనున్న కొండ వెనక్కి తప్పుకుంటే చాలు. అందుకు ఒక గంట తీసేయండి, 5 అయింది. టైరు పంక్చరుకో ట్రాఫిక్ ఆగిపోవడానికో ఇంకో గంట తీసేయండి. 4 గంటలకల్లా మీరు బసలో ఉండాలి. నా 180 కిలోమీటర్ల దారికి ఈ లెక్క వేస్తే నడపడానికే 6 గంటలు. చూడటానికి, తినడానికి, ఊరికే నిలబడటానికి అందులో సగం, అంటే 3 గంటలు. మొత్తం 9. నాలుగింటికి చేరాలంటే పొద్దున ఏడింటికి ఇంజిన్ మొదలవ్వాలి. నేను పదింటికి బయలుదేరాను! రాత్రి తెల్లగీత చూడటానికి కారణం ఆ మూడు గంటలే.

ఒక మనిషి ఒక రోజులో ఆరు గంటలకు మించి ఘాట్ రోడ్డు మీద నడపకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. మలుపుల్లో కళ్లూ భుజాలూ అలసిపోయే తీరు వేరు. ఫోనులోని మ్యాపు చూపే సమయం ఎక్కడా ఆగకుండా వెళ్లేవాళ్లది. మీరు వెళ్తున్నదే ఆగడానికి.

దారిని ఏ వైపు నుంచి చుట్టాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. వాహనాలు ఎడమవైపు నడిచే దేశమైతే, లోయ మీ ఎడమచేతి వైపు వచ్చే దిశలో వెళ్తే వ్యూ పాయింట్ల దగ్గర ఎదురు వాహనాలకు అడ్డంగా తిరగనక్కరలేదు, నేరుగా పక్కకు తీసి ఆపవచ్చు. కుడివైపు నడిచే దేశంలో దీనికి తిరగేసి. ఎత్తు చూస్తే గుండె జారేవాళ్లు బండిలో ఉంటే మాత్రం కొండను ఆనుకుని వెళ్లే దిశే మేలు. సూర్యుడి సంగతీ చూసుకోండి. పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమటికి నడిపితే అద్దంలో ఎండ తప్ప ఏమీ కనిపించదు.

ఇంధనం, ఛార్జింగ్, సిగ్నల్

కెనడాలో లేక్ లూయీజ్ నుంచి జాస్పర్ వరకు సాగే ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే సుమారు 230 కిలోమీటర్లు. మధ్యలో పెట్రోలు దొరికేది ఒక్క చోటే, చలికాలంలో అదీ మూసేస్తారు. దారిలో చాలా భాగం ఫోను సిగ్నల్ ఉండదు. అందమైన రోడ్లలో చాలా వాటి స్వభావం ఇదే. అక్కడ ఎవరూ ఏమీ కట్టలేదు కాబట్టే అవి అందంగా మిగిలాయి. అందువల్ల కొండల్లో సగం ట్యాంకును ఖాళీ ట్యాంకుగా భావించండి. ఎక్కుడులో ఇంజిన్ ఎప్పటికంటే ఎక్కువ తాగుతుంది కూడా.

విద్యుత్ వాహనమైతే లెక్క మరింత స్పష్టం. మనుషులతో, సామానుతో 1,800 కిలోల బరువున్న బండిని నిలువుగా 1,000 మీటర్లు పైకి చేర్చడానికే దాదాపు 5 యూనిట్ల కరెంటు కావాలి. మామూలుగా దూరానికయ్యే ఖర్చుకు ఇది అదనం. నష్టాలు కలిపితే ఇంకాస్త. దిగేటప్పుడు అందులో కొంత బ్యాటరీకి తిరిగి వస్తుంది, అయితే దానికి చోటుండాలి. కొండపైన బసలో రాత్రంతా ఛార్జింగ్ పెట్టి 100 శాతంతో దిగడం మొదలుపెడితే, నిండిన బ్యాటరీ ఆ శక్తిని తీసుకోలేదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. కింద ఛార్జింగ్ దొరికే దారైతే పైన 80 శాతం దగ్గర ఆపేయండి.

మ్యాపును బయలుదేరే ముందే ఫోనులోకి దించుకోండి. దానితో పాటు ఊళ్ల పేర్లు, వాటి మధ్య దూరాలు, మలుపు తిరగాల్సిన కూడళ్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మ్యాపు ‘పది నిమిషాలు ఆదా’ అంటూ అడవిలోకి ఒక సన్నని గీతను చూపిస్తే ఆ ఆశలో పడకండి. అది కలప లారీలు తిరిగే మట్టిదారి కావచ్చు. ఇంటి దగ్గర ఒకరికి మీ దారి, బస, చేరే సమయం చెప్పి ఉంచండి. ‘రాత్రి ఎనిమిదింటికల్లా నా నుంచి కబురు రాకపోతే ఈ నంబరుకు ఫోను చేయి’ అని ఖచ్చితంగా చెప్పాలి. ‘చేరాక చేస్తాను’ అంటే అటువైపు వాళ్లకు ఎప్పుడు కంగారుపడాలో తెలియదు.

బండిలో ముందు చూడాల్సింది బ్రేకు నూనె

టైర్లు, కూలెంట్, వైపర్లు, లైట్లు, స్టెప్నీలో గాలి, జాకీ. ఈ వరస అందరికీ తెలిసిందే, మెకానిక్ అరగంటలో చూసేస్తాడు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా చాలా దేశాల చట్టం ఒప్పుకుంటుంది. తడి కొండదారికి 3 మిల్లీమీటర్ల లోపు నేను ఒప్పుకోను. స్టెప్నీ ఉందో లేదో మీ కళ్లతో చూడండి, కొత్త బండ్లలో కొన్నింటికి అసలు ఉండదు.

ఎవరూ అడగనిది ఆ బ్రేకు నూనె, అంటే బ్రేకు ఫ్లూయిడ్ సంగతి. అది గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, తేమ పట్టాక ఆ ప్రమాణం 155కు పడిపోతుంది. సుదీర్ఘమైన దిగుడులో బ్రేకులు వేడెక్కి ఆ ఫ్లూయిడ్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి. ద్రవాన్ని నొక్కితే బ్రేకు పడుతుంది, ఆవిరిని నొక్కితే పెడల్ మాత్రం నేలకు తగులుతుంది. ఊళ్లో ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టని బండి మొదటి పెద్ద ఘాట్ మీద మొరాయించడానికి ఇదొక కారణం. ఫ్లూయిడ్ మార్చి రెండేళ్లు దాటితే బయలుదేరే ముందు మార్పించండి.

బండిలోని మనుషులు

వాంతులయ్యేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి. కళ్లు ఫోను మీద నిలిచి ఉంటే, బండి ఊగుతోందని లోపలి చెవి చెబుతుంది, ఏమీ కదలడం లేదని కళ్లు చెబుతాయి. ఆ తగవు కడుపులో తేలుతుంది. దూరంగా కొండ అంచు మీద చూపు నిలపడం మందు కంటే ముందు ప్రయత్నించాల్సింది. మందు వేసుకోదలిస్తే డాక్టరును అడిగి, ప్రయాణానికి అరగంటో గంటో ముందే వేసుకోవాలి. వాటిలో చాలా వాటికి నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి నడిపేవాళ్లు ముట్టకూడదు. నడిపేవాళ్లకు మామూలుగా వాంతులు రావు, అదొక వరం.

ఎత్తు 2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. కాలినడకన ఎక్కేవాళ్లకు శరీరం అలవాటుపడే వ్యవధి దొరుకుతుంది, కారులో వెళ్లేవాళ్లకు దొరకదు. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరో రాత్రికీ నిద్రపోయే ఎత్తు 500 మీటర్ల కంటే పెరగకుండా బసలు చూసుకోండి. పగలు ఎంత ఎత్తుకు వెళ్లివచ్చినా, పడుకునే ఎత్తే ముఖ్యం. తలనొప్పితో పాటు నడక తడబడినా, మాట తేడాగా వచ్చినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లవారే దాకా ఆగకండి, కిందికి దించి వైద్యం అందించండి.

బట్టల సంగతి ఒక్క వాక్యం: ప్రతి 1,000 మీటర్లకూ సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది, కాబట్టి స్వెట్టరు డిక్కీ అడుగున కాకుండా చేతికందే చోట ఉండాలి.

ఎక్కడం, దిగడం

ఎక్కేటప్పుడు బండి గింజుకోకముందే గేరు తగ్గించండి. మలుపు మధ్యలో తగ్గించడం కాదు, మలుపుకు ముందే. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని ఇంజిన్ ప్రతి 1,000 మీటర్లకూ దాదాపు పదో వంతు బలం కోల్పోతుంది, కాబట్టి ఓవర్‌టేక్ చేయడానికి ఊళ్లో సరిపోయే ఖాళీ అక్కడ సరిపోదు. ఇంజిన్ వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, చోటు దొరకగానే పక్కన ఆపండి. రేడియేటర్ మూతను వేడి మీద తెరవడం ముఖం కాల్చుకోవడమే.

ఎక్కడం బండికి పరీక్ష, దిగడం మనిషికి. పాతవాళ్లు చెప్పే సూత్రం నేటికీ పనిచేస్తుంది: ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగండి. రెండో గేరులో బండిని ఇంజిన్ పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద పని తగ్గుతుంది. ఆటోమేటిక్ బండిలో ‘ఎల్’ అనో ‘2’ అనో మాన్యువల్ అనో ఒక ఏర్పాటు ఉంటుంది. అది ఎక్కడుందో ఇంటి దగ్గరే చూసుకోండి. ఇంధనం ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లున్నారు. నేటి ఇంజిన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంధనం పోవడమే ఆగిపోతుంది, న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ తిరగడానికి కొంత తాగుతూనే ఉంటుంది. అంటే ఆ ప్రమాదం తెచ్చుకున్నందుకు దక్కే ఆదా కూడా ఏమీ లేదు.

బ్రేకు మీద కాలు ఆనించి అలాగే ఉంచకండి. వేగం పెరిగినప్పుడు గట్టిగా ఒకసారి నొక్కి, తగ్గగానే వదిలేయండి. ఆ మధ్యలో డిస్కులకు గాలి తగులుతుంది. నేను ఒకసారి పన్నెండు కిలోమీటర్లు కాలు ఆనించే దిగాను. కాలిన రబ్బరు, గోనెపట్టా కలిసినట్టు ఒక వాసన వచ్చింది. ముందు వెళ్తున్న లారీది అనుకుని అద్దాలు ఎక్కించుకున్నాను. లారీ పక్కకు తిరిగిపోయాక కూడా వాసన వదల్లేదు, పెడల్ మెత్తబడింది. అలాంటప్పుడు గేరు ఇంకా తగ్గించి, సురక్షితమైన చోట ఆపి, కనీసం అరగంట చల్లారనివ్వాలి. వేడి డిస్కుల మీద నీళ్లు పోయకూడదు, పగిలిపోవచ్చు లేదా వంకరపోవచ్చు.

ఇరుకు దారిలో ఎదురెదురు పడితే ఎక్కేవాళ్లకు దారివ్వాలన్నది చాలా దేశాల్లో నియమం. ఎక్కుడులో ఆగిన బండిని మళ్లీ కదిలించడం కష్టం గనుక ఈ మర్యాద. కళ్లకు కనిపించని మలుపులో ముందే ఒక హారన్ కొట్టి, మీ వరసలోనే ఉండండి. పెద్ద బస్సు హెయిర్‌పిన్ తిరగడానికి రోడ్డంతా కావాలి. అది తిరిగేదాకా మలుపుకు ఇవతలే ఆగడం మీకే సుఖం. మీ వెనక నాలుగైదు బండ్లు చేరితే పక్కకు తీసి పోనివ్వండి. చూడటానికి వచ్చింది మీరు, వాళ్లకు పనులున్నాయి.

అడవిలో

జంతువులు రోడ్డు దాటేది ఎక్కువగా తెల్లవారుజామున, మునిమాపు వేళ. పొడి రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, చూసి ఉలిక్కిపడే క్షణంతో కలిపి, బండి ఆగడానికి సుమారు 45 మీటర్లు పడుతుంది. 80లో అది 70 దరిదాపుకు పోతుంది. లో బీమ్ (హెడ్‌లైట్లను కిందికి దించి వేసే) వెలుగు చాలా బండ్లలో 50, 60 మీటర్లకు మించి సరిగ్గా ఆనదు. అంటే 80లో వెళ్తుంటే, జింక కనిపించేసరికి మీకు ఆగే దూరం మిగిలి ఉండదు. ఒక జింక దాటితే వెనక ఇంకొకటి ఉందనుకోండి. స్టీరింగ్ పక్కకు కోయడం కంటే బండిని తిన్నగా ఉంచి బ్రేకు వేయడం మంచిది, ఎందుకంటే పక్కన ఉన్నది చెట్టో లోయో.

ఏనుగు రోడ్డు మీద ఉంటే దూరంగానే ఆగండి. హారన్ వద్దు, లైట్లు ఆడించడం వద్దు, దిగడం అసలే వద్దు. వెనక్కి పోయేందుకు వీలుగా మీ వెనక చోటు వదిలి ఉంచుకోండి. జంతువులకు ఏదీ పెట్టకండి. రోడ్డు పక్క తిండికి అలవాటుపడ్డ జంతువు చివరకు బండి కిందే పడుతుంది.

ఎండాకాలంలో ఎండుగడ్డి మీద బండి ఆపకండి. బండి కింద పొగగొట్టం, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ గడ్డిని అంటించేంత వేడిగా ఉంటాయి.

వెనక్కి తిరిగే గంట

పొగమంచులో లో బీమ్ వేయండి. హై బీమ్ వేస్తే వెలుగు మంచు మీద పడి మీ కళ్లకే తిరిగొస్తుంది. చూపు పూర్తిగా ఆనకపోతే రోడ్డు అంచున ఆగడం ప్రమాదం, రోడ్డు విడిచి ఏదైనా ఆవరణలోకి వెళ్లి ఆగండి. వాన పడిన రోజున, మర్నాడు కూడా, తవ్విన కొండచరియ కింద బండి నిలపకండి. చిన్న రాళ్లు జారుతున్నా, వంకర తిరిగిన చెట్లు కనిపించినా, పక్కనున్న వాగు ఉన్నట్టుండి బురదరంగుకు మారినా పైన ఏదో కదులుతోందని అర్థం. రోడ్డు మీద పారే నీళ్లు 30 సెంటీమీటర్ల లోతున్నా చిన్న కారును కొట్టుకుపోగలవు. ముందు బండి దాటిందని మీరూ నీళ్లలోకి దింపకండి.

ఇవన్నీ తెలిసినా మనిషి ముందుకే పోతాడు, ఎందుకంటే గది ఎప్పుడో మాట్లాడుకుని ఉంటాడు. అందుకే బయలుదేరక ముందే, తల చల్లగా ఉన్నప్పుడే, ఒక గంట రాసి పెట్టుకోండి. ‘మధ్యాహ్నం 1 గంటకు కనుమ దాటకపోతే వెనక్కి’ అని డ్యాష్‌బోర్డు మీద అంటించండి. వెనకనున్న ఊళ్లో ఉండటానికి ఒక చోటు చూసి ఉంచుకోండి. బస రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే చోట గది తీసుకోవడం ఈ కాగితానికి బలం ఇస్తుంది.

అంతా కుదిరి నాలుగింటికే బస చేరితే ఇంకా వెలుగు ఉంటుంది. బండి కొంచెం చల్లారాక చుట్టూ ఒకసారి తిరగండి. టైరు గాడుల్లో రాళ్లు ఇరుక్కున్నాయా, టైరు పక్క భాగం ఎక్కడైనా ఉబ్బిందా, ముందు చక్రాల దగ్గర నేల మీద నూనె చుక్కలున్నాయా చూడండి. అద్దం తుడవండి, ట్యాంకు సగానికి పైనే ఉందా చూడండి, రేపటి దారి మీద గేటు ఎప్పుడు తెరుస్తారో బసలో అడిగి కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత కుర్చీ లోయ వైపు తిప్పుకుని కూర్చోవచ్చు.